ఫ్లూ మరణాల అంచనాకు ఫ్లూమోమో: సెర్‌ఫ్లింగ్ పద్ధతితో పోల్చి చూస్తే

మరణ ధ్రువపత్రంలో ఇన్‌ఫ్లుయెంజా అన్న మాట కనిపించేది అరుదు. ఫ్లూ సోకిన పెద్దవాళ్లు వారం పది రోజులకు న్యుమోనియాతోనో, గుండెపోటుతోనో పోతారు. అప్పుడు పరీక్ష చేసినా వైరస్ దొరకకపోవచ్చు. అందుకే ఈ మరణాలను లెక్కపెట్టరు, అంచనా కడతారు. ఆ పనికి ఇప్పుడు దొరికే సాధనాల్లో డెన్మార్క్‌లోని స్టాటెన్స్ సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ఫ్లూమోమో అనే గణాంక మోడల్ మెరుగైనది. అయితే వారంవారీ ఫ్లూ వైరస్ పరీక్షల డేటా చేతిలో ఉంటేనే. లేకపోతే దీన్ని ముట్టుకోవద్దు.

ముందు పాతకాపు సంగతి. 1963లో సెర్‌ఫ్లింగ్ ఇచ్చిన పద్ధతికి మరణాల సంఖ్యలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఫ్లూ వారాలు తీసేసి, మిగిలిన వాటికి కాలంతో మారే ధోరణి, ఏడాదికోసారి తిరిగే సైన్, కొసైన్ అలలు కలిపి ఒక గీత గీస్తారు. ఫ్లూ లేకపోతే ఎంతమంది పోయేవాళ్లో చెప్పే అడుగు గీత ఇది. అసలు మరణాలు ఆ గీతకు ఎంత పైన ఉంటే అంత ఫ్లూ ఖాతాలోకి వెళ్తుంది. ఎక్సెల్‌లోనే చేసుకోవచ్చు. చిక్కల్లా, చలికాలపు వారాలు ఏటా తీసేస్తే ఆ నెలల్లో గీత ఎక్కడ ఉండాలో చెప్పడానికి సైన్ వంపు తప్ప ఆధారం మిగలదు. పైగా చలిగాలులు, పిల్లల్లోనూ వృద్ధుల్లోనూ అదే కాలంలో తిరిగే ఆర్‌ఎస్‌వీ అనే మరో శ్వాసకోశ వైరస్, అన్నీ ఫ్లూ పేరునే పడతాయి. ఇంకో తప్పు తరచూ చూస్తాం: గీతకు 1.645 ప్రామాణిక విచలనాల (మామూలు హెచ్చుతగ్గుల కొలత) పైన ఉండే హెచ్చరిక రేఖ నుంచి మరణాలు కూడతారు. ఆ రేఖ ఎపిడెమిక్ మొదలైందని చెప్పడానికే. కూడాల్సింది అడుగు గీత నుంచి. లేదంటే ప్రతి వారమూ కొన్ని మరణాలు జారిపోతాయి.

ఫ్లూమోమో ఆ గీతను గీయడం మానదు గానీ, ఫ్లూ వారాలను తీసేయదు. అన్ని కారణాల వారంవారీ మరణాలను పాయిసాన్ రిగ్రెషన్‌లో (సంఖ్యలుగా లెక్కపెట్టే ఘటనలకు వాడే గణాంక సమీకరణం) పెట్టి, పక్కన రెండు కొలతలు ఇస్తుంది: ఫ్లూ ఉధృతి, విపరీత ఉష్ణోగ్రత. రెండింటికీ అదే వారం నుంచి రెండు వారాల ముందు దాకా ప్రభావం చూస్తుంది. ఫ్లూ ప్రభావాన్ని సీజన్‌వారీగా విడివిడిగా కడుతుంది. హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం ఎక్కువగా తిరిగిన ఏడాదిలో పెద్దవాళ్లు పోయినంతగా అన్ని ఏళ్లలోనూ పోరు కాబట్టి ఇది సరైన నిర్ణయం. చివర్లో ఫ్లూ ఉధృతిని సున్నా చేసి మళ్లీ లెక్కిస్తే వచ్చే తేడాయే అంచనా.

ఉధృతి కొలతే దీని ఆయువుపట్టు. కేవలం పాజిటివ్ శాతం పెడితే సీజన్ కాని వారాల్లో మూడు నమూనాలకు రెండు పాజిటివ్ వచ్చి 67 శాతం అని కూర్చుంటుంది. అందుకే ఫ్లూ లాంటి జబ్బుతో వచ్చినవాళ్ల రేటుతో దాన్ని గుణించాలి. వెయ్యి ఓపీల్లో అలాంటివాళ్లు 40 మంది, పాజిటివ్ 25 శాతం అయితే ఉధృతి 10. వెయ్యికి 4 మందే ఉండి, పాజిటివ్ 67 శాతం అయితే 2.7కి దిగుతుంది. ఆ తప్పుడు శిఖరం మాయం.

ఇక లోపాలు. కనీసం ఐదేళ్ల డేటా కావాలి. ఆర్‌ఎస్‌వీని మోడల్ తనంత తాను చూడదు, అదనంగా మనమే చేర్చాలి. 2020-22 వారాలను అలాగే వదిలేస్తే కోవిడ్ మరణాలు అడుగు గీతను పైకి లాగేస్తాయి. వాటిని తీసేయాలి, లేదా కోవిడ్‌కు వేరే కొలత పెట్టాలి.

మిగతావాటిలో ఎండాకాలపు మరణాలను అడుగుగా తీసుకుని రేట్ల తేడా చూసే పద్ధతి చలికాలపు అదనం మొత్తాన్నీ ఫ్లూకి అంటగడుతుంది, పనికిరాదు. ఆసుపత్రి చేరికలను గుణకాలతో పెంచే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పద్ధతి సీజన్ ముగిసిన వెంటనే అంకె ఇస్తుంది. ఆ అంకె నిలబడదు. 2017-18కి మొదట దాదాపు 80,000 మరణాలన్నారు, తర్వాత 61,000, ఆపైన 52,000. పరీక్షలు ఎంతమందికి చేశారన్న సమాచారం ఆలస్యంగా వస్తే గుణకమూ మారుతుంది కదా. ఫ్లూమోమోకూ చివరి వారాల నమోదు పూర్తయ్యేదాకా ఆగక తప్పదు గానీ, అక్కడి సవరణ ఇంత పెద్దది కాదు.

తెలుగు రాష్ట్రాల డేటాతో నడిపేవాళ్లు మూడు చోట్ల సెట్టింగు మార్చాలి. మొదటిది, 40వ వారం నుంచి 20వ వారం దాకా అన్న యూరప్ సీజన్ ఇక్కడ కుదరదు. వానాకాలంలో ఒక ఉధృతి, జనవరి-మార్చిలో ఇంకొకటి వస్తాయి. ఆరు నెలలకోసారి తిరిగే సైన్ పదాన్ని (సమీకరణంలోని ఆ భాగాన్ని) ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయొద్దు. రెండోది, మే నెల వడగాలులు. 2015 లాంటి ఏడాదిని ఉష్ణోగ్రత పదం లేకుండా నడిపితే వడదెబ్బ మరణాలు అడుగు గీతను ఎత్తి, జూలైలో ఫ్లూ వల్ల పోయినవాళ్లను మింగేస్తాయి. సెర్‌ఫ్లింగ్‌కు ఈ గండం నుంచి తప్పించుకునే దారే లేదు. మూడోది, మరణం జరిగిన తేదీ వాడాలి, నమోదైన తేదీ కాదు. నమోదుకు చట్టం 21 రోజుల గడువు ఇస్తుంది. కొందరు దాన్నీ దాటేస్తారు. చివరి ఆరేడు వారాలు కత్తిరించి నడపండి.