పాలపళ్ళను కూడా పళ్ళుగానే చూసే క్లినిక్

మేము ఈ పిల్లల డెంటల్ క్లినిక్‌కి 9 ఏళ్ళుగా వెళ్తున్నాం. మొదటిసారి వెళ్ళినప్పుడు మా పెద్దమ్మాయికి 4 ఏళ్ళు, ఇప్పుడు 13. చిన్నవాడికి మొన్ననే 6 నిండాయి. ఇన్నేళ్ళు చూశాక రాస్తున్నాను కాబట్టి నచ్చినవీ నచ్చనివీ రెండూ రాస్తాను.

అసలు మేము అక్కడికి వెళ్ళింది ఆలస్యంగా. పాప కింది దవడ పన్ను మీద చిన్న నల్ల మచ్చ కనబడితే అంతకు ముందే వేరే చోట పెద్దవాళ్ళకి చూసే ఒక డెంటిస్టుకి చూపించాను. పాలపన్నే కదమ్మా, ఎలాగూ ఊడిపోతుంది, ఏం చెయ్యక్కర్లేదు అన్నారు. నేనూ నమ్మాను. ఆరు నెలలు తిరగకుండానే ఒక రాత్రి పాప చెంప పట్టుకుని ఏడుస్తూ లేచింది, తెల్లారేసరికి బుగ్గ వాచిపోయింది. ముందు పాలపళ్ళు ఊడేది 6, 7 ఏళ్ళకే గానీ, వెనక దవడ పళ్ళు 10, 12 ఏళ్ళ దాకా ఉండాల్సినవని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆ పన్ను ఇంకా ఆరేళ్ళు నమలాల్సిన పన్ను! పాలపళ్ళ మీద ఎనామిల్, అంటే పన్ను పైన ఉండే గట్టి పొర, పలుచన, పుచ్చు పట్టిందంటే నరం దాకా తొందరగా పోతుంది. ఈ ఒక్క మాట ముందు ఎవరైనా చెప్పి ఉంటే మా పాపకి ఆ రాత్రి వచ్చేది కాదు, దాని గురించి నాకు ఇప్పటికీ బాధే.

ఇక్కడ డాక్టరు గారు మొదట చేసిన పని, నొప్పి, వాపు తగ్గడానికి మందులిచ్చి, ఆ రోజు పాప నోట్లో ఏ పనిముట్టూ పెట్టకపోవడం. కుర్చీ పైకీ కిందకీ ఎలా వెళ్తుందో చూపించారు, గాలి కొట్టే గొట్టాన్ని పాప వేలి మీద పెట్టి చూపించారు, నీళ్ళు పీల్చే గొట్టాన్ని తన చేతికే ఇచ్చారు. ముందు చెప్పడం, తర్వాత చూపించడం, ఆ తర్వాతే చెయ్యడం, అదీ వాళ్ళ పద్ధతి. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ పన్ను తీసేయక తప్పలేదు. పాప నా ఒళ్ళో కూర్చునే తీయించుకుంది. ఏడ్చింది, ఏడవలేదని చెప్పను, కానీ మళ్ళీ రానని మాత్రం అనలేదు.

పన్ను తీసేశాక పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఖాళీని అలాగే వదిలేస్తే పక్క పళ్ళు అందులోకి జరిగిపోతాయి, కింద నుంచి రావాల్సిన శాశ్వత పన్నుకి చోటుండదు. అందుకని వెనక పన్నుకి రింగు వేసి, దానికి తీగ ఉన్న స్పేస్ మెయింటెయినర్ పెట్టారు. ఆరు నెలలకోసారి చూసి, కొత్త పన్ను పైకి వస్తున్నప్పుడు తీసేశారు. అదే చోట పన్ను నిటారుగా వచ్చింది.

చిన్నవాడి విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డాను. మొదటి పుట్టినరోజు లోపే తీసుకెళ్ళాను. డాక్టరు గారు, నేను ఎదురెదురుగా మోకాళ్ళు ఆనించుకుని కూర్చున్నాం, బాబు నా ఒళ్ళో పడుకుని తల ఆవిడ ఒళ్ళో పెట్టాడు. రెండు నిమిషాల్లో చూడ్డం అయిపోయింది, మిగతా అరగంటా నాకు నేర్పడానికే. పై పెదవి ఎత్తి చిగురు అంచున సున్నం రాసినట్టు తెల్ల గీత ఏమైనా ఉందేమో నెలకోసారి చూడమన్నారు, పుచ్చు మొదలయ్యేది అలాగేనట, ఆ దశలో పట్టుకుంటే ఫ్లోరైడ్‌తో ఆపొచ్చు. పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోనివ్వొద్దన్నారు, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి పాలు పళ్ళ మీదే నిలిచిపోతాయి, ముందు పాడయ్యేవి పై ముందు పళ్ళు. మొదటి పన్ను వచ్చిన రోజు నుంచే ఫ్లోరైడ్ పేస్టు, మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, తర్వాత బఠానీ గింజంత. పేస్టు ప్రకటనల్లో బ్రష్షు నిండా పెడతారు చూశారా, అది పిల్లలకి కాదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా రాత్రి బ్రష్షు పెద్దవాళ్ళే చెయ్యాలి, ఇది నాకు కష్టంగా అనిపించినా మానలేదు. వాడికి ఇప్పటిదాకా ఒక్క పుచ్చు లేదు.

ఇంకో విషయం, దీనికే నేను వాళ్ళకి జీవితాంతం రుణపడి ఉంటాను. పాపకి 9 ఏళ్ళప్పుడు సైకిల్ మీద నుంచి పడి పై ముందు పన్ను, శాశ్వత పన్ను, మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తినావిడ కంగారు పడకుండా ఒక్కొక్కటే చెప్పారు. వేరు పట్టుకోవద్దు, పైభాగం పట్టుకోండి, రుద్దొద్దు, మట్టి ఉంటే ఒక్కసారి పాలతో కడిగి వచ్చిన చోటే పెట్టండి, పెట్టలేకపోతే పాలలో వేసి వెంటనే బయల్దేరండి. పెట్టడానికి నా చేతులు ఆడలేదు, పాలలో వేసుకుని అరగంటలో చేరాం. తిరిగి అమర్చి పక్క పళ్ళకి రెండు వారాలు తీగతో కట్టి ఉంచారు, తర్వాత చాలా నెలలు ఎక్స్‌రేలు తీసి గమనించారు. ఆ పన్ను ఇవాళ్టికీ ఉంది. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదట, లోపల పెరుగుతున్న పన్ను దెబ్బతింటుంది.

ఇక నచ్చనివి. సాయంత్రం బడి వదిలాక అపాయింట్‌మెంట్ దొరకడం చాలా కష్టం, దొరికినా గంటసేపు కూర్చోవాలి, నొప్పితో ఉన్న పిల్లలకి అది చాలా ఎక్కువ. అంతకంటే పెద్ద లోటు పదేళ్ళు దాటిన పిల్లల సంగతి. చిన్నపిల్లలతో అంత ఓపికగా మాట్లాడేవాళ్ళు, 12 ఏళ్ళకి మా అమ్మాయికి క్లిప్పులు వేసినప్పుడు అంతా నాతోనే మాట్లాడారు, తనతో కాదు. క్లిప్పుల చుట్టూ ఎలా తోముకోవాలో ఒక కాగితం చేతికిచ్చి పంపేశారు. నాలుగు నెలలకి రెండు పళ్ళ మీద తెల్ల మచ్చలు వచ్చాయి. అప్పుడు సందుల్లో తోమే చిన్న బ్రష్షు ఇచ్చి, అద్దం ముందు కూర్చోబెట్టి తనకే నేర్పించారు, తనే చక్కగా చేసుకుంటోంది. ఆ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. ఇది డాక్టరు గారికే చెప్పాను, వాదించకుండా విన్నారు.

చిన్నపిల్లలున్న వాళ్ళైతే ఆలోచించకుండా వెళ్ళండి. టీనేజీ పిల్లలుంటే, వాళ్ళతోనే నేరుగా మాట్లాడమని మీరే ముందు అడగండి.

వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి. మావాడికి పాలపళ్ళన్నిటి వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను చిగురు చీల్చుకుని వస్తోంది. చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుంటారు, కానీ అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పూర్తిగా పైకి వచ్చాక దాని గాడుల్లో సీలెంట్, అంటే పుచ్చు పట్టకుండా కాపాడే పూత, వేస్తామన్నారు. అప్పటిదాకా బ్రష్షు అడ్డంగా పట్టుకుని ఆ మూల దాకా నేనే తోముతున్నాను.