గన్నవరంలో భద్రతా ఉద్యోగం: మూడు దారుల్లో ఏది మేలు?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంటర్మీడియట్, డిగ్రీ పూర్తిచేసి విమానాశ్రయ భద్రతలో చేరాలనుకునే యువతకు ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్), రెండోది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2016లో ఏర్పాటు చేసిన అనుబంధ సంస్థ ఏఏఐక్లాస్ ఇచ్చే మూడేళ్ల ఒప్పంద ఉద్యోగం, మూడోది ప్రైవేటు ఏజెన్సీ ద్వారా దొరికే గార్డు పని. మొదటి నెల చేతికొచ్చే జీతాన్ని బట్టే చాలామంది వీటిని పోల్చుకుంటారు. రెండో ఏడాది, మూడో ఏడాది కూడా ఆ ఉద్యోగంలో నిలబడగలమా అన్నది అంతకంటే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఉద్యోగి బతుకూ ప్రయాణికుడి భద్రతా రెండూ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

దీనికి అమెరికా అనుభవమే పెద్ద సాక్ష్యం. 2001కి ముందు అక్కడ ప్రయాణికుల తనిఖీ బాధ్యత విమానయాన సంస్థలది. అవి ఆ పనిని తక్కువ ధరకు ఒప్పుకున్న కాంట్రాక్టర్లకు అప్పగించేవి. 1998 మే నుంచి 1999 ఏప్రిల్ వరకు 19 పెద్ద విమానాశ్రయాల్లో సిబ్బంది మారిపోయే రేటు సగటున ఏడాదికి 126 శాతం ఉన్నదని, ఒకచోట అది 416 శాతానికి చేరిందని అక్కడి ప్రభుత్వ ఆడిట్ విభాగం తేల్చింది. అంటే ఎక్స్‌రే తెరమీద నీడల్లో కత్తి ఏదో, గొడుగు కమ్మీ ఏదో కన్ను గుర్తుపట్టడం మొదలుపెట్టే వేళకే ఆ మనిషి వెళ్లిపోయి, ఆ కుర్చీలో కొత్తవాడు కూర్చునేవాడు. కొన్ని విమానాశ్రయాల్లో అదే ఆవరణలోని ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో ఇంతకంటే ఎక్కువ కూలి దొరికేది మరి. 2001 నవంబరు 19న చట్టం చేసి ఈ పనిని ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నా, ఇతర ప్రభుత్వ ఉద్యోగులతో సమానమైన వేతన విధానం ఆ సిబ్బందికి 2023 జూలైలో గానీ అందలేదు. అది అందాక మానేసేవారి సంఖ్య తగ్గింది.

ఇక మన సంగతికి వస్తే, ఉద్యోగ భద్రతలో సీఐఎస్ఎఫ్‌కు సాటి లేదు. కానిస్టేబుల్ మూలవేతనం 21,700 రూపాయలతో మొదలవుతుంది. కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం దానికి అదనం. పదోన్నతులు, పింఛను పథకం, కుటుంబానికి వైద్యం ఉంటాయి. పైగా 2024 నుంచి కానిస్టేబుల్ పరీక్షను తెలుగులో రాసే వీలు కలిగింది కాబట్టి, ఇంగ్లిష్, హిందీ భయంతో వెనకడుగు వేసిన పల్లెటూరి పిల్లలకు ఆ అడ్డంకి తొలగింది. అయితే ఈ దళంలో చేరినవారందరూ విమానాశ్రయంలోనే పనిచేస్తారనుకోవడం పొరపాటు. ఢిల్లీ మెట్రో కావచ్చు, విశాఖ ఉక్కు కర్మాగారం కావచ్చు, శ్రీహరికోట కావచ్చు. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి. కన్నవారిని చూసుకోవలసిన వారికి, చంటిబిడ్డల తల్లులకు ఈ బదిలీలే అన్నిటికన్నా పెద్ద కష్టం.

ఏఏఐక్లాస్ ఉద్యోగానికి ఉన్న ఆకర్షణ సరిగ్గా అక్కడే ఉంది. 2025లో వెలువడిన ప్రకటనలో అసిస్టెంట్ (సెక్యూరిటీ) పోస్టులకు విజయవాడను కూడా చేర్చారు. ఇంటర్‌లో 60 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం), 27 ఏళ్లలోపు వయసు, ఇంగ్లిష్, హిందీలతో పాటు స్థానిక భాష వచ్చి ఉండడం అర్హతలు. జీతం మొదటి ఏడాది నెలకు 21,500, మూడో ఏడాదికి 22,500. స్థానిక భాష తెలిసి ఉండాలన్న ఈ నిబంధన నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు కోసం ఆవకాయ సీసా చేతిసంచిలో పెట్టుకుని వచ్చిన గుంటూరు పెద్దావిడకు, నూనె ఊరే సీసాను ఎందుకు అనుమతించరో ఆవిడ మాటల్లోనే నెమ్మదిగా చెప్పగలిగితే, వెనక వరుసలో ఉన్న వందమందికీ ఆలస్యం తప్పుతుంది, ఆవిడకూ అవమానమనిపించదు. కానీ మూడేళ్లలో పెరిగేది వెయ్యి రూపాయలే. ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్ఐకి వేతన పరిమితి 21,000 కాబట్టి ఆ జీతానికి ఆ సదుపాయం వర్తించదు. వైద్యానికి ఒప్పందంలో ఏమి రాశారో చదివాకే సంతకం చేయాలి.

ప్రైవేటు గార్డు పనికి అవకాశాలు పెరుగుతున్న మాట నిజమే. 2022లో దేశంలోని విమానాశ్రయాల్లో 3,000కు పైగా సీఐఎస్ఎఫ్ పోస్టులను రద్దు చేసి, క్యూలను నడపడం, కొన్ని ద్వారాల కాపలా వంటి పనులకు 1,900కు పైగా ప్రైవేటు సిబ్బందిని తీసుకోవాలని నిర్ణయించారు. ప్రైవేటు గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలని నిబంధన. అయితే ఏజెన్సీ టెండరు గడువు తీరి మరో ఏజెన్సీ వచ్చిందంటే యూనిఫాం మారుతుంది, పీఎఫ్ ఖాతా బదిలీ కోసం తిరగాలి, సీనియారిటీ మళ్లీ మొదటికొస్తుంది. రోహిణి కార్తె ఎండలో కారు దిగే చోట ఎనిమిది గంటలు నిలబడేది ఎక్కువగా ఈ గార్డులే. వారికి నీడ, మంచినీళ్లు, కూర్చోవడానికి కుర్చీ కల్పించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అయినా టెండరు కాగితంలో రాయకపోతే అవి దొరకవు.

మూడు దారుల్లోనూ పని ఒత్తిడి ఒకలా ఉండదు. ఎక్స్‌రే తెర ముందు ఒకరిని ఏకబిగిన 20 నిమిషాలకు మించి కూర్చోబెట్టకూడదన్నది ఈ రంగంలో స్థిరపడిన పద్ధతి; ఆ తరువాత మరో పనికి మార్చాలి. మనిషి తక్కువైన రోజున ముందు దెబ్బతినేది ఈ మార్పిడే. మహిళా ప్రయాణికులను తెరచాటున మహిళా సిబ్బందే తనిఖీ చేయాలి కాబట్టి, ఒక మహిళ సెలవు పెడితే మిగిలినవారు విరామం వదులుకోవలసి వస్తుంది. తెల్లవారుజామున మొదలయ్యే షిఫ్టుకు గుంటూరు నుంచి యాభై కిలోమీటర్లకు పైగా రావలసిన అమ్మాయి మానేసిందంటే, ఆమె నిబద్ధతను తప్పుపట్టేముందు రవాణా ఏర్పాటు ఉందో లేదో అడగాలి.

నా అభిప్రాయంలో, 23 ఏళ్లలోపు ఉండి, ఊరు విడిచి వెళ్లగలిగి, దేహదారుఢ్య పరీక్షకు సిద్ధపడగలవారికి సీఐఎస్ఎఫే మేలు. ఇల్లు వదలలేనివారు ఏఏఐక్లాస్ ఉద్యోగాన్ని తీసుకుని, తనిఖీ పనికి కావలసిన శిక్షణ, ధ్రువపత్రాలు ఆ మూడేళ్లలోనే సంపాదించుకోవాలి; గడువు ముగిశాక మరో విమానాశ్రయంలోనో విమానయాన సంస్థలోనో అవే అక్కరకు వస్తాయి. ప్రైవేటు గార్డుగా చేరక తప్పనివారు మాత్రం మొదటి నెలలోనే పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు, నియామక పత్రం, జీతపు చీటీ అడిగి తీసుకోవాలి. వీటిని ఇవ్వడానికి వాయిదాలు వేసే ఏజెన్సీలో రెండో నెల దాకా ఆగకూడదు.