డిస్నీ ప్లస్ మార్వెల్ టైమ్‌లైన్ వరస: కానన్‌కి సరే, తేదీలకి మాత్రం చాలదు

డిస్నీ ప్లస్‌లో మార్వెల్ విభాగం తెరిస్తే 'టైమ్‌లైన్ ఆర్డర్' అనే వరస కనిపిస్తుంది. మార్వెల్ సినిమాటిక్ యూనివర్స్‌లోని సినిమాలనూ సిరీస్‌లనూ విడుదలైన క్రమంలో కాకుండా కథ నడిచిన క్రమంలో అందులో పేర్చారు. ఏది కానన్ (అంటే అధికారికంగా కథలో భాగం), ఏది కాదు అన్న ప్రశ్నకి ఇంతకంటే నమ్మదగిన జాబితా లేదు. ఏది ఎప్పుడు జరిగిందో తేల్చడానికి మాత్రం ఇదొక్కటే సరిపోదు.

ముందు కానన్ సంగతి. డేర్‌డెవిల్, జెస్సికా జోన్స్, ల్యూక్ కేజ్, ఐరన్ ఫిస్ట్, డిఫెండర్స్, పనిషర్. 2015 నుంచి 2019 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ ఆరు సిరీస్‌లూ లెక్కలోకి వస్తాయా రావా అని అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 2023 అక్టోబరులో డీకే ప్రచురణ సంస్థ వేసిన అధికారిక టైమ్‌లైన్ పుస్తకంలో వీటికి చోటు లేదు. 2024 జనవరిలో, ఎకో సిరీస్ వచ్చిన సమయంలోనే, డిస్నీ ప్లస్ వరసలోకి వీటిని తెచ్చారు. అచ్చయిన పుస్తకం మూడు నెలలకే పాతబడింది, వరస మాత్రం ఎప్పటికప్పుడు మారుతోంది. అందుకే ఈ విషయంలో నా ఓటు వరసకే.

ఆ మార్పులో కూడా ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్ అనే టీవీ సిరీస్‌కి చోటు దక్కలేదు. అది నిజంగా లోటే. మొదటి సీజన్ 17వ ఎపిసోడ్ 2014 ఏప్రిల్ 8న అమెరికాలో ప్రసారమైంది. షీల్డ్ అనే గూఢచారి సంస్థలో దాని శత్రువు హైడ్రా పాతుకుపోయిందన్న గుట్టు బయటపెట్టిన 'కెప్టెన్ అమెరికా: ద వింటర్ సోల్జర్' సినిమా అక్కడ విడుదలైంది ఏప్రిల్ 4న. సినిమా చూడకుండా ఆ ఎపిసోడ్ చూస్తే గుట్టు ముందే తెలిసిపోతుంది. సినిమాని సరిగ్గా 16, 17 ఎపిసోడ్ల మధ్య చూడాలి. రేపు ఈ సిరీస్‌ని చేర్చినా ఇప్పుడున్న వరసలో ఆ ఏర్పాటు కుదరదు, ఎందుకంటే ఇక్కడ పేర్చేది మొత్తం టైటిళ్లనే, ఎపిసోడ్లని కాదు.

అసలు చిక్కంతా అక్కడే. మొదట్లోనే ఉండే 'కెప్టెన్ అమెరికా: ద ఫస్ట్ అవెంజర్' రెండో ప్రపంచయుద్ధం నాటి కథ, కానీ ఆ సినిమా మొదలయ్యేది, ముగిసేది వర్తమానంలోనే. ఒక టైటిల్‌ని ఒకే చోట పెట్టాలంటే ఇలాంటివి తప్పవు. ఎపిసోడ్ల వారీగా పేర్చడం అసాధ్యమేమీ కాదు. అదే డిస్నీ కిందున్న లూకాస్‌ఫిల్మ్, స్టార్ వార్స్ యానిమేషన్ సిరీస్ క్లోన్ వార్స్‌కి అలాంటి జాబితానే ఇచ్చింది: ముందు రెండో సీజన్ 16వ ఎపిసోడ్, తర్వాత మొదటి సీజన్ 16వది, ఆపైన 2008 నాటి సినిమా, తర్వాత మూడో సీజన్ 1, 3 ఎపిసోడ్లు, అప్పటికి గానీ మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ రాదు. మార్వెల్‌కి కావలసింది అలాంటిదే.

కొత్తవాళ్లని ఎక్కువగా దెబ్బతీసేవి క్రెడిట్స్ మధ్యలో, చివర్లో వచ్చే సీన్లు. కెప్టెన్ మార్వెల్ కథ 1995లో జరుగుతుంది గనుక ఐరన్ మ్యాన్ కంటే ముందొస్తుంది. కానీ దాని మిడ్ క్రెడిట్ సీన్ 'అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్' తర్వాతది. బ్లాక్ విడోని 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్' తర్వాత పెట్టారు, దాని చివరి సీన్ 'అవెంజర్స్: ఎండ్‌గేమ్'లో పెద్ద మరణాన్ని బయటపెట్టేస్తుంది. యాంట్ మ్యాన్ అండ్ ద వాస్ప్‌ని ఇన్ఫినిటీ వార్ కంటే ముందు చూస్తే మిడ్ క్రెడిట్ సీన్‌తో అదే గతి. ఈ మూడింటికీ క్రెడిట్స్ మొదలవగానే ఆపేయండి. ఎండ్‌గేమ్ అయ్యాక వెనక్కి వచ్చి ఆ సీన్లు చూసుకోవచ్చు.

ఇక తేదీలు. వరసలో పోస్టర్లే తప్ప కథ ఏ ఏడాదిదో రాసి ఉండదు, లెక్క మనమే కట్టుకోవాలి. ముందు నాలుగు మేకులు దిగ్గొట్టండి: న్యూయార్క్ యుద్ధం (మొదటి అవెంజర్స్ సినిమాలోది) 2012, సివిల్ వార్ 2016, థానోస్ చిటికె (ఇన్ఫినిటీ వార్‌లో ఆ విలన్ చిటికెకి సగం జీవులు మాయమవడం) 2018, మాయమైనవాళ్లు తిరిగిరావడం 2023. మిగతావన్నీ వీటి నుంచి కొలవాలి. యాంట్ మ్యాన్ అండ్ ద వాస్ప్‌లో యాంట్ మ్యాన్ అయిన స్కాట్ రెండేళ్ల గృహనిర్బంధం ఇంకో మూడు రోజుల్లో ముగుస్తుంది. సివిల్ వార్ నుంచి రెండేళ్లు, అంటే 2018. గార్డియన్స్ మొదటి సినిమా 1988లో మొదలై 26 ఏళ్లు ముందుకి దూకుతుంది, రెండోది 1980 నుంచి 34 ఏళ్లు. రెండూ 2014కే వచ్చి ఆగుతాయి. విడుదలలో మూడేళ్ల తేడా ఉన్నా వరసలో పక్కపక్కన పెట్టడం పూర్తిగా సరైనది.

తెర మీద పడిన అక్షరాలన్నీ నిజం కావు. స్పైడర్ మ్యాన్ హోమ్‌కమింగ్ న్యూయార్క్ యుద్ధం శిథిలాలు ఎత్తేయడంతో మొదలై 'ఎనిమిదేళ్ల తర్వాత' అన్న కార్డు వేస్తుంది. ఆ లెక్కన 2020 అవ్వాలి. అదే సినిమాలో స్పైడర్ మ్యాన్ పీటర్ తీసుకున్న వీడియోలో సివిల్ వార్ ఎయిర్‌పోర్ట్ పోరాటం కనిపిస్తుంది, వెంటనే 'రెండు నెలల తర్వాత' అన్న మరో కార్డు. 2018లో చిటికెకి మాయమైన కుర్రాడు 2020లో స్కూలుకెలా వెళ్తాడు? ఒక కార్డు మిగతా సంఘటనలతో గొడవపడితే కార్డునే వదిలేయాలి. వరస చేసిందీ అదే: హోమ్‌కమింగ్‌ని సివిల్ వార్ తర్వాత, ఇన్ఫినిటీ వార్‌కి ముందు పెట్టింది.

లోకి సిరీస్‌లో ఉన్నది ఎండ్‌గేమ్‌లోని కాలప్రయాణం వల్ల 2012 నుంచి తప్పించుకున్న లోకి. అయినా దాన్ని ఎండ్‌గేమ్ తర్వాతే ఉంచారు. కథ నడిచిన క్రమం అన్న నియమం కంటే ప్రేక్షకుడికి అర్థం కావడం ముఖ్యమనుకున్నారు, మంచి నిర్ణయం.

మొదటిసారి చూసేవాళ్లు ఎండ్‌గేమ్ దాకా విడుదల క్రమమే పాటించండి. రెండోసారికి ఈ వరస బాగుంటుంది. మొదలెట్టే ముందు ఇన్‌క్రెడిబుల్ హల్క్, స్పైడర్ మ్యాన్ సినిమాలు మీ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి. హల్క్ సినిమా పంపిణీ హక్కులు చాలాకాలం యూనివర్సల్ దగ్గర ఉండేవి, స్పైడర్ మ్యాన్ సినిమాల హక్కులు సోనీవి, అందుకే అన్ని దేశాల్లోనూ అన్నీ దొరకవు. లేని సినిమాకి ఖాళీ గడి కూడా వదలరు, ఒకటి తప్పిపోయిందని మీకు తెలియకపోవచ్చు.