పాత మట్టిమిద్దెలో రెండు రాత్రులు: మిద్దెకు మార్కులు సరే, వంటకు కాదు

నంద్యాలకు గంట దూరంలో ఒక పల్లెలో పాత మట్టిమిద్దెను బాగుచేయించి బాడుగకు ఇస్తున్నారు. "నూట యాభై ఏండ్ల నాటి పల్లె బతుకు" అని ప్రకటన. ముప్పై ఏండ్లు బడిలో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని, ఆ ముక్క చదివినాక ఇంట్లో కూర్చోలేకపోయినాను. మా తమ్ముని మనవణ్ణి వెంటబెట్టుకొని పోయి రెండు రాత్రులు ఉండి వచ్చినాను. పేర్లు రాయను. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన పిల్లలు, చెప్తే సర్దుకునే రకం.

మిద్దె అసలుది. అందులో మోసం లేదు. మూరెడు మించిన గోడలు, ఎండన పడి వచ్చి గడప దాటితే ఒళ్ళు చల్లబడుతుంది. తలెత్తితే వేప దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన ఒత్తుగా పరిచిన కట్టెపుల్లలు, అన్నిటికీ పైన చవుడు. ఆ చవుడు మట్టి తడిస్తే బిగుసుకొని నీళ్ళు దిగనీయదు. కానీ ఏటా వానలకు ముందు మళ్ళీ పోయాలి, ఏమరితే ఇల్లంతా ఉరుస్తుంది. "ఈ ఏడు రెండు ట్రాక్టర్లు తోలించినాం మేడమ్" అన్నాడు నడిపే అబ్బాయి. ఆ కాలంలో అదంతా బండ్ల మీద, గంపల మీద ఎక్కించిన మన్నే కదా.

నడిమింట్లో గవాక్షి ఉంది, అంటే వెలుగు కోసం మిద్దె కప్పులో వదిలిన కన్నం. దాన్నుంచి దిగే వెలుగు గుండ్రంగా నేల మీద పడి పొద్దుతో పాటు జరుగుతుంటే, మావాడు సుద్దముక్కతో గీతలు గీసి గంటలు కట్టుకున్నాడు. సెల్లు చేతిలో లేని రెండు గంటలు అవే. రెండో రాత్రి చినుకులు పడినాయి. గవాక్షి మీద బండ మూయాల్సినాయన నిద్రపోయినాడు, నా దుప్పటి తడిసింది. దీనికి మార్కులు తగ్గించను. ఆ అనుభవం కోసమే కదా డబ్బు కట్టింది!

వాకిలి దాటగానే ఎద్దుల గాడి, దాని వెనకే మనుషులు ఉండే భాగం. ఎద్దులకూ మనుషులకూ ఒకటే తలుపు. ఎద్దు పోతే ఆ ఏడు సేద్యం పోయినట్టే కాబట్టి దాన్ని కంటికెదురుగా కట్టుకునేవాళ్ళు. ఇప్పుడా గాడిని బాత్రూము చేసి, గీజరు పెట్టి, గోడ మీద ఎద్దుల బొమ్మ గీయించినారు. నా మోకాళ్ళ దృష్ట్యా ఏమీ అనను.

పెరట్లో గింజలు దాచే గుంత, పాతరకు అద్దం మూత వేసి లోపల లైటు పెట్టినారు. చూడటానికి బాగుంది, దాని కథ మాత్రం ఎవరూ చెప్పలేదు. జొన్నలు పోసి మూసిన పాతరలో చెడుగాలి నిలుస్తుంది. తెరిచినాక కొంతసేపు అట్లే వదిలి, దీపం దించి చూసి, అది ఆరకపోతేనే మనిషి దిగేవాడు. తొందరపడి దిగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళ మాటలు మా చిన్నప్పుడు కూడా వినేవాళ్ళం. మూత పక్కన ఈ నాలుగు ముక్కలు రాసిపెడితే ఏం పోయింది?

ఊరు తిప్పి చూపించే సేవ ఒకటుంది. పెద్దవీధి, చావడి, కరణం ఇల్లు, అంతటితో సరి. అయ్యా, ఆ రోజుల్లో ఊరంతా మిద్దెలే అనుకుంటారు మీ అతిథులు. మిద్దె కట్టగలిగింది కరణం, రెడ్డి, నాలుగు కాండ్ల ఎద్దులున్న రైతు. తక్కినవాళ్ళవి బోదగడ్డి కప్పిన కొట్టాలు. మాల, మాదిగ వాడలైతే ఊరి బయట. వాడ వైపు పోదామంటే "అక్కడ పాతవేం లేవు మేడమ్" అన్నాడు అబ్బాయి. బోద కప్పు నాలుగేండ్లకే పోతుంది, పాతవి ఎక్కడినుంచి వస్తాయి నాయనా! ఒక కొట్టం వేసి చూపిస్తే మిద్దె సంగతి ఇంకా బాగా తెలుస్తుంది.

సేద్యం చూపించే పూట నాకు బాగా నచ్చింది. నల్లరేగట్లో విత్తనం వేసే నిజమైన కట్టె గొర్రు, వెదురు గొట్టాలు, పైన గింజ పోసే జడ్డిగం. గొర్రు తోలింది డెబ్బై దాటిన పెద్దాయన. వెనక ఒకామె పిడికిట్లోంచి గింజ జారవిడుస్తుంటే, సాలు తప్పకుండా పడుతున్నాయి. చేతిలో ఏ కొలతా లేదు. మావాడు ప్రయత్నిస్తే ఒక సాల్లో కుప్ప, ఇంకో సాల్లో ఖాళీ. అంతా సరే గాని, జడ్డిగంలో పోసింది మొక్కజొన్న! కొర్ర, పత్తి కలిపి పోయాల్సింది. ముంగారి (తొలకరి) వానకు వేస్తే మూణ్ణెల్లలో కొర్ర కోసుకొని తిండికి పెట్టుకోవచ్చు, పత్తి నిలబడి తర్వాత చేతికొచ్చి శిస్తుకు రూపాయలవుతుంది. హింగారికి (వెనక వానలకు) జొన్న. ఒకే చేన్లో ఇంటి కడుపు, సర్కారు శిస్తు రెండూ చూసుకున్న లెక్క అది.

ఆ అబ్బాయి "తెల్లదొరలు కాలువ తవ్వినాక పల్లెలన్నీ పచ్చబడినాయి" అని కూడా చెప్పినాడు. కర్నూలు–కడప కాలువను 1860లలో తవ్వించింది ఒక కంపెనీ. నల్లరేగడి రైతులు ఆ నీళ్ళకు ముందుకు రాలేదు. వానకు పండే నేలకు నీళ్ళు కట్టి, నీటితీరువ ఎందుకు కట్టాలి అనేది వాళ్ళ లెక్క. కంపెనీ నష్టపోయి, 1882లో సర్కారే కాలువను తీసుకుంది. పచ్చదనం చాలా తర్వాతి మాట.

ఇక వంట. టమాటా పప్పు, సన్నబియ్యం అన్నం, కోడి బిరియానీ, గులాబ్‌జామూన్. రుచికి వంక లేదు. పాతకాలం బతుకని పిలిచి పెట్టాల్సిన తిండి మాత్రం కాదు. వరి అన్నం ఆ కాలపు మెట్ట పల్లెల్లో పండగ కూడు. అడగ్గా అడగ్గా ఆ అబ్బాయి వాళ్ళ అవ్వ నాకోసం జొన్నసంగటి కెలికి, గోంగూర నూరింది. "ఇదేం తింటావు మ్మా, ఊరికే అడిగినావనుకుంటి" అని నవ్వింది. రెండు రాత్రుల్లో గుర్తుండే భోజనం అదే.

నాకు కొరతగా తోచింది వేరే ఉంది. గోడల నిండా పాత ఫోటోలు, జనం ఎంతమంది ఉండేవాళ్ళో ఒక్క ముక్క లేదు. అప్పట్లో మన జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1871కు ముందు ఐదేండ్లకోసారి లెక్కలు తీసేవాళ్ళు. సరైన జనాభా లెక్క 1871లో జరిగింది. 1881లో మళ్ళీ లెక్కపెడితే కర్నూలు జిల్లాలో (నంద్యాల అప్పుడు అందులోదే) జనం నాలుగో వంతు తగ్గినారు. మధ్యలో వచ్చింది ధాత కరువు, 1876 నుంచి 78 దాకా. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌండు (అర కిలో కంటే తక్కువ) గింజలు, ఒక అణా చాలని, కరువు చూడమని సర్కారు పంపిన దొర రిచర్డ్ టెంపుల్ తేల్చినాడు. ఆ తిండితో మనిషి నిలవడని ఎదురుచెప్పినవాడు కార్నిష్ అనే డాక్టరు. 1871 జనాభా లెక్క నివేదిక రాసింది ఈయనే. ఎంతమంది ఉన్నారో రాసినాయనే, ఎంతమంది పోతున్నారో చూడాల్సి వచ్చింది.

ఈ రెండు ఏండ్ల లెక్కలు ఆ ఫోటోల గోడ మీద రాయించమని పోయేముందు చెప్పినాను. అబ్బాయి తల గోక్కున్నాడు. "అన్నం తినే చోట ఎందుకు మేడమ్, వచ్చినవాళ్ళు బాధపడతారు" అన్నాడు. వాళ్ళవ్వ పక్కనే కూర్చొని గోంగూర తుంచుతోంది. "రాయి లేరా, మా జేజి చెప్తాండె" అంది.

ఐదుకు మిద్దెకు నాలుగున్నర, సేద్యానికి నాలుగు, ఊరు చూపించడానికి రెండు, వంటకు రెండున్నర. రాత్రికి పద్దెనిమిది వందలు, ఇద్దరికి. పోయేవాళ్ళు వానలు మొదలుకాకముందే పోండి. సంగటి కావాలంటే ముందురోజే ఫోన్లో చెప్పండి, అదీ అవ్వకే చెప్పమనండి.