ఆగిపోయిన ఇంటికి ఆడిట్: హనుమకొండ, వరంగల్‌లో దొరికే ఈ సర్వీసుకు పైసలు పెట్టొచ్చా?

హసన్‌పర్తి దారిలో పోయినా, మడికొండ వైపు పోయినా నడిమిట్ల ఆగిన ఇల్లు ఒకటో రెండో కనబడుతుంది. పిల్లర్ల మీద సలాకలు ఎర్రగా తుప్పు పట్టి ఉంటాయి. మేస్త్రి ఫోనెత్తడు. ఇంటాయన మాత్రం బ్యాంకు కిస్తీ కడుతూనే ఉంటాడు. ఇలాంటి ఇళ్ల కోసమే ఇప్పుడు ‘సైట్ ఆడిట్’ అని ఒక సర్వీసు నడుస్తోంది. అందులో మూడు భాగాలు: అయిన పని కొలిచి లెక్క తేల్చడం, కాంక్రీటును పరీక్షించడం, మళ్లీ మొదలుపెట్టే ప్లాను ఇవ్వడం. ఈ రివ్యూ ఏ ఒక్క ఆఫీసు గురించీ కాదు. ఆ పేరుతో ఏం అమ్ముతున్నారు, అందులో పనికొచ్చేది ఎంత అన్నదే చూస్తున్నాం.

ముందే మా మాట: పైసలు పెట్టాల్సింది కొలతకు, లెక్కకు. మిషన్ల పరీక్షలు దాని తర్వాత. బజారులో మాత్రం ఇది తలకిందులుగా నడుస్తోంది. హామర్ పట్టుకొచ్చి పిల్లర్ల మీద టకటకా కొట్టి, రంగురంగుల గ్రాఫులతో నలభై పేజీల రిపోర్టు చేతిలో పెడతారు. ఇల్లు మళ్లీ మొదలుపెట్టడానికి ఎంత కావాలన్న ప్రశ్నకు అందులో ఒక్క వాక్యం ఉండదు.

ఈ పని చేసేవాళ్లు ఇక్కడ మూడు రకాలు. పరీక్షల మిషన్లున్న ప్రైవేటు ల్యాబులు ఒకటి. టేపు, ఎం-బుక్ (కొలతలు రాసే పుస్తకం) పట్టుకొని వచ్చే చార్టర్డ్ ఇంజినీర్లు రెండోది. వీళ్లలో ప్రభుత్వ శాఖల్లో చేసి రిటైరైనవాళ్లు ఎక్కువ. మూడోది కాలేజీ ల్యాబులు. నిట్ సివిల్ విభాగం కన్సల్టెన్సీ పద్ధతిలో పరీక్షలు చేస్తుంది. గొడవ కోర్టు దాకా పోయేలా ఉంటే ఆ స్థాయి సంస్థ ఇచ్చిన కాగితానికి బరువుంటుంది. కానీ అది కాంక్రీటు సంగతే చెబుతుంది, మేస్త్రితో లెక్క తేల్చదు. మామూలు రెండంతస్తుల ఇంటికి రెండో రకమే ముందు. అనుమానం ఉన్న చోటికి మాత్రమే వాళ్లతోనే మొదటి రకాన్నో మూడో రకాన్నో పిలిపించుకోవాలి.

ఇక కొలత. మంచి ఆడిటర్ సైటుకు వచ్చే ముందే కాగితాలు అడుగుతాడు: ఒప్పందం, డ్రాయింగు, పర్మిషన్, ఇచ్చిన డబ్బుల వివరం, సిమెంటు, స్టీలు బిల్లులు. ఒప్పందం లేకపోతే వాట్సాప్ మెసేజీలైనా తెమ్మంటాడు. అన్నిటినీ తేదీల వరుసలో పెట్టి, ఏ చెల్లింపు నాటికి ఎంత పని అయిందో పక్కపక్కన రాస్తాడు. ఇల్లు ఎందుకు ఆగిందో సగం ఇక్కడే తేలిపోతుంది. స్లాబు పడేసరికే అరవై, డెబ్బై శాతం డబ్బు చేతులు మారేలా రాసుకునే ఒప్పందాలు ఇక్కడ మామూలే. స్లాబు తర్వాత మిగిలేవి గోడలు, గిలాబు, కరెంటు, ప్లంబింగు, గచ్చు, దర్వాజలు. పని బోలెడు, రావాల్సింది కొంచెం. గుత్తకు పట్టినవాడు అక్కడ ఆగి, ఇంకో ఇంటి పునాది అడ్వాన్స్ దగ్గరికి పోతాడు. దాన్ని మోసం అనే ముందు, ఆ ఒప్పందమే అలా రాసుకున్నదని రిపోర్టు చెప్పాలి.

ఉదాహరణకు ఒప్పందం 30 లక్షలు, ఇచ్చింది 21 లక్షలు అనుకుందాం. కొలిస్తే అయిన పని విలువ ఒప్పందం రేట్ల ప్రకారం 15.5 లక్షలే వచ్చింది. అంటే 5.5 లక్షలు ముందే పోయాయి. ఇంటాయన లెక్కలో ఇంకా ఇవ్వాల్సింది 9 లక్షలు. మిగిలిన పని పాత రేటుకే 14.5 లక్షలు. కొత్త మేస్త్రి పది శాతం ఎక్కువ అడిగినా 16 లక్షలకు చేరుతుంది. చేతిలో 9, కావాల్సింది 16. ఈ ఏడు లక్షల గుంత ఎంతో చెప్పని ఆడిట్ ఆడిట్ కాదు. రిపేర్ల ఖర్చు దీనికి అదనం.

సామాను లెక్క కూడా ఇందులో భాగమే. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరు కాంక్రీటుకు దాదాపు 8 బస్తాల సిమెంటు పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబు, ఐదు అంగుళాల మందం అంటే 11.8 ఘనపు మీటర్లు, బీములు కాకుండా సుమారు 94 బస్తాలు. బీములు కలిపి లెక్క వేశాక కూడా బిల్లుల్లో బస్తాలు దానికి రెట్టింపు ఉంటే, సిమెంటు వేరే సైటుకు పోయి ఉండాలి, లేదా బిల్లులు ఎక్కువ రాసి ఉండాలి. బస్తాలు తక్కువ ఉంటే సంగతి ఇంకా చెడ్డది. అప్పుడే కాంక్రీటు పరీక్షకు కారణం దొరికినట్టు. స్టీలుకైతే సలాక వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం మీటరుకు 0.89 కిలో, 16 ఎంఎం 1.58 కిలో. సైటులో పడి ఉన్న ముక్కను మీటరు కోసి తూకం వేస్తే చాలు. 12 ఎంఎం సలాక ఒక్క ముక్క తూకంలో ఆరు శాతం దాకా తక్కువను ఐఎస్ 1786 (సలాకలకు భారతీయ ప్రమాణం) ఒప్పుకుంటుంది. అంతకు మించి తగ్గితే ఆ సరుకు మీద అనుమానపడాల్సిందే.

కొలతలో గొడవలు ఎప్పుడూ కొన్ని చోట్లే వస్తాయి. స్క్వేర్ ఫీట్ రేటు అన్నప్పుడు సజ్జలు, మెట్ల పైకప్పు, పిట్టగోడ, సంపు అందులోనే ఉన్నాయా, వేరా? ఒప్పందంలో లేకపోతే ఇద్దరూ తమకు కలిసొచ్చేదే చెబుతారు. గిలాబులో కిటికీల ఖాళీ తీసేయాలా వద్దా అన్నది ఇంకోటి. దానికి ఐఎస్ 1200లో లెక్క ఉంది: అర చదరపు మీటరు దాకా తీసేయరు; అక్కడి నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఒక వైపే తీసేస్తారు; అంతకు మించితే రెండు వైపులా. ఆ లెక్క ముందు పెడితే మేస్త్రీలు చాలాసార్లు సర్దుకుంటారు. పిలిచి పక్కన కూర్చోబెట్టి చూపాలి, అంతే.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంటివాళ్ల వైపే జరుగుతుంది. పాత మేస్త్రితో కొలతలు తేలకముందే కొత్త మేస్త్రిని దింపుతారు. ఆయన నాలుగు రోజుల్లో గోడ లేపి, పాత పని ఎంతో కనబడకుండా చేస్తాడు. తర్వాత ఎవరు ఎంత చేశారన్నది ఎవరూ చెప్పలేరు. ఆడిటర్ మొదట చేయించాల్సింది ఇద్దరూ ఉండగా కొలత, ఎం-బుక్‌లో ఇద్దరి సంతకాలు. పాతవాడు రానంటే రిజిస్టర్డ్ పోస్టులో తేదీ చెప్పి నోటీసు పంపాలి. ఆ రోజు ఇద్దరు సాక్షుల ముందు, టేపు కనబడేలా ఫొటోలు తీస్తూ కొలవాలి. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు. 2024 మార్చిలో గానీ మళ్లీ తెరవలేదు. అన్నేళ్లు విడివిడిగా పడి ఉన్న రాళ్లు తిరిగి తమ చోటికే చేరాయంటే వాటి మీద వేసిన నంబర్ల వల్లే. మన ఇంటికి ఆ నంబర్లు ఎం-బుక్‌లో ఉంటాయి.

ఇప్పుడు మిషన్ల దగ్గరికి. రీబౌండ్ హామర్ అంటే కాంక్రీటు మీద కొట్టి, ఎంత వెనక్కి ఎగిరిందో చూసి బలం అంచనా వేసేది. చౌక, తొందర, అందుకే దీన్నే ఎక్కువ అమ్ముతారు. అది చూసేది పైపొర గట్టిదనమే. దానితో అంచనా వేసిన బలంలో 25 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చని పాత ఐఎస్ 13311 తానే చెప్పింది. గాలి సోకి పైపొర ముదిరిన పాత కాంక్రీటు మీద రీడింగు ఎక్కువ వస్తుంది, తడి మీద తక్కువ వస్తుంది. రెండు, మూడేళ్లు ఎండలో నిలబడ్డ పిల్లరును కొట్టి ‘ఎం30 (కాంక్రీటు బలం గ్రేడు) వచ్చింది సార్’ అంటే నమ్మకండి. కొట్టే ముందు రాయితో రుద్ది నునుపు చేశారా, అంచుకు 20 మిల్లీమీటర్లన్నా దూరం ఉన్నారా, ఒక్కో చోట ఆరు రీడింగులన్నా తీశారా, స్లాబు కింది నుంచి పైకి కొట్టినప్పుడు దానికి వేరే సవరణ వేశారా, ఇవి అడగండి. గిలాబు మీద కొట్టేవాళ్లను అక్కడి నుంచే పంపించేయొచ్చు.

అల్ట్రాసోనిక్ పరీక్ష కాంక్రీటు గుండా ధ్వని తరంగం ఎంత వేగంగా పోతుందో చూస్తుంది. లోపలి ఖాళీలు, హనీకోంబు (తేనెపట్టు లాంటి గుల్లలు) పట్టడానికి మంచిది. పిల్లరుకు ఎదురెదురు వైపుల నుంచి తీయాలి. వేగం సెకనుకు 3 కిలోమీటర్ల కన్నా తగ్గితే అక్కడ సంగతి బాగాలేదని లెక్క. సలాక వెంబడి తీస్తే వేగం ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తుంది, అందుకే ముందు కవర్ మీటరుతో సలాకలు ఎక్కడున్నాయో గీసుకోవాలి. గీతలు లేని పిల్లరు మీద అల్ట్రాసోనిక్ రీడింగులు తీస్తున్నారంటే వాళ్లు పని తెలియక చేస్తున్నట్టే.

అసలు తీర్పు కోర్‌దే, అంటే కాంక్రీటులోంచి గుండ్రంగా కోసి తీసి ల్యాబులో విరగ్గొట్టి చూసే ముక్కదే. కనీసం మూడు తీయాలి. ఐఎస్ 456 ప్రకారం కోర్ల సగటు అనుకున్న గ్రేడులో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గొద్దు. ఎం20 అయితే సగటు 17, ఒక్కోటి 15 మెగాపాస్కల్స్. సలాకను కోయకుండా తీయాలి, ఆ గుంతను కుంచించుకుపోని గ్రౌటుతో అదే రోజు నింపాలి. నింపడం మరిచిపోయి పోయే ల్యాబులున్నాయి. చివరి బిల్లు ఇచ్చే ముందు ఒక్కో గుంతను వేలితో తట్టి చూసుకోండి.

ఆగిన ఇళ్లలో కాంక్రీటు కన్నా ఎక్కువ నష్టపోయేవి బయట నిలబడ్డ సలాకలు. ఇనుప బ్రష్షుతో గీకి, వెర్నియర్‌తో కొలవాలి. 12 ఎంఎం సలాక 11కు తగ్గిందంటే అడ్డుకోత వైశాల్యంలో 16 శాతం పోయినట్టు. పైన ఎర్రగా ఉండి, గీకితే పోయే తుప్పుకు భయం లేదు. పొరలు పొరలుగా ఊడితే ఇంజినీరు చూడాలి. పొడవు కూడా చాలాచోట్ల చాలదు. ఎం25 కాంక్రీటులో, 500 గ్రేడు సలాకకు అతుకు పొడవు వ్యాసానికి దాదాపు 49 రెట్లు ఉండాలి, అంటే 16 ఎంఎంకు 780 మిల్లీమీటర్ల దగ్గర. రెండడుగులు వదిలి, మిగతాది కోసుకుపోయిన సైట్లలో డ్రిల్లు వేసి కెమికల్‌తో కొత్త సలాక నాటాలి. పాత సలాక పక్కన కొత్తది కట్టేసి పోస్తే సరిపోదు.

చిన్నవి కొన్ని రిపోర్టుల్లో రానే రావు, కానీ రావాలి. మూడు నెలలు నిల్వ ఉన్న సిమెంటు బలం ఐదో వంతు దాకా పోవచ్చు. గడ్డ కట్టినదాన్ని జల్లెడ పట్టి వాడనీయొద్దు. గోడల్లోని కరెంటు పైపుల్లోకి గిలాబుకు ముందే జీఐ తీగ దూర్చి చూడాలి. స్లాబు పోసినప్పుడు సిమెంటు పాలు దిగి మూసుకుపోయినవి ఉంటాయి, గిలాబు అయ్యాక తెలిస్తే మళ్లీ కొట్టాలి. నల్లరేగడి జాగాల్లో ప్లింత్ బీము కింద, గదుల మొరం కింద నేల వాన కాలానికి ఉబ్బి ఎండలకు కుంగుతుంది. మొరం ఒక్కసారిగా నింపి వదిలేసి ఉంటే తీసేసి, 200 మిల్లీమీటర్ల పొరలుగా నీళ్లు కొట్టి దిమ్మిస నడిపించాలి. లేకపోతే ఇంట్లో దిగిన ఏడాదికే టైల్స్ కింద డొల్ల మోగుతుంది.

ఈ సర్వీసులో బలహీనమైనది మూడో భాగం, మళ్లీ మొదలుపెట్టే ప్లాను. ‘ఆరు నెలల్లో పూర్తవుతుంది’ అని రాసి వదిలేస్తారు. వానల్లో ఇసుక దొరకడం కష్టం, నాట్ల కాలంలో ఊరి కూలీలు పొలాలకు పోతారు, బతుకమ్మ, దసరాకు సైటు ఖాళీ అవుతుంది, మేడారం జాతర ఉన్న ఏడాది ఇంకో వారం పోతుంది. ఎండాకాలంలో పోస్తే కనీసం పది రోజులు నీళ్లు పట్టాలి. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు కింది ఆసరా కర్రలు ఏడు రోజుల దాకా తీయొద్దు, అంతకన్నా పెద్దదానికి పద్నాలుగు. ఇవన్నీ లెక్కపెట్టిన పదిహేను రోజుల ముక్కల ప్లాను కావాలి. ప్రతి ముక్క చివర కొలత, కొలిచిన పనికే బిల్లు, అందులో ఐదు నుంచి పది శాతం చివరిదాకా ఆపిపెట్టుకోవడం. ఇది రాసిచ్చే ఇంజినీరు దొరికితే ఫీజు ఎక్కువైనా బేరం ఆడొద్దు.

అపార్టుమెంటు అయితే దారి వేరు. 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ తప్పదు. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్నదాంట్లో 70 శాతం వేరే ఖాతాలో ఉండాలి. ఆర్థిక ఏడాది ముగిసిన ఆరు నెలల్లో ఆ ఖాతా సీఏ ఆడిట్ కావాలి. రిజిస్ట్రేషన్ గడువు తీరినా, రద్దయినా మిగిలిన పని చేసుకునే మొదటి హక్కు కొన్నవాళ్ల సంఘానిదే. అక్కడ సైట్ ఆడిట్ కన్నా ముందు ఆ ఖాతా లెక్క తీయించాలి.

మా మార్కులు ఐదుకు: కొలత, లెక్క నాలుగున్నర, సరిగ్గా చేసేవాళ్లు దొరికితే. పరీక్షలు మూడు. రిపోర్టు రెండున్నర. మళ్లీ మొదలుపెట్టే ప్లాను ఒకటిన్నర.

మాట్లాడుకునేటప్పుడు ఫీజును మొత్తంగా కాక మూడుగా రాయించుకోండి: కొలత, మిగిలిన పని ఎస్టిమేటు ఒకటి, పరీక్షలు పాయింటుకు ఇంత, ఒక్కో కోర్‌కు ఇంత అని ఒకటి, ప్లాను ఒకటి. పరీక్షలు ఎన్ని కావాలన్నది కొలత అయ్యాకే తేల్చండి. హామర్ రీడింగుల చేతిరాత షీటు, కోర్లు విరగ్గొట్టిన ఫొటోలు, ఎం-బుక్ జిరాక్సు చేతికి వచ్చాకే చివరి పైసలు ఇవ్వండి.