రాయాలా, మాట్లాడాలా: ఐటీ పనిలో ఏది మేలు?

న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిది అయ్యేసరికి హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక అది ఏడున్నర అవుతుంది. క్లయింటు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. అమెరికా వాళ్లతో పనిచేసే టీముల్లో ఇరువైపులా పనిలో ఉండే సమయం రోజుకు రెండు మూడు గంటలు దక్కితే ఎక్కువ. రాతా మాటా అన్న ప్రశ్న చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. రాసి తేల్చగలిగినదాన్ని ఆ కాసేపటి కాల్‌లోకి లాగకూడదు. మాట్లాడితే తప్ప తేలనిదాన్ని మెసేజ్‌లలో వారం రోజులు నానబెట్టకూడదు.

చాటా, కాలా?

"హాయ్" అని పంపి జవాబు వచ్చాక విషయం చెబుదామనుకుంటే, పక్క సీటు వాళ్లతో అయితే ఐదు నిమిషాలు పోతాయి. అమెరికాలో ఉన్నవాళ్లతో అయితే ఒక రోజు పోతుంది. వాళ్లు "హాయ్, చెప్పండి" అనేసరికి మనం నిద్రలో ఉంటాం. పలకరింపు, విషయం, కావలసింది ఒకే మెసేజ్‌లో ఉండాలి.

"పేమెంట్స్‌లో ఇష్యూ వస్తోంది, కొంచెం చూడండి సార్" అన్న మెసేజ్ తీసుకోండి. చదివినవాళ్లు వెంటనే నాలుగు ప్రశ్నలు అడగాల్సి వస్తుంది: ఏ ఎన్విరాన్‌మెంట్ (టెస్టింగా, కస్టమర్లు వాడే ప్రొడక్షనా), ఎప్పటినుంచి, ఎంతమందికి, అంతకుముందు ఏం మారింది? అదే ఇలా రాస్తే: "ప్రొడక్షన్ పేమెంట్ సర్వీసులో మధ్యాహ్నం 2:10 ఐఎస్‌టీ నుంచి ప్రతి 100 రిక్వెస్టుల్లో సుమారు 12కి 504 ఎర్రర్ (సమయానికి జవాబు రాకపోవడం) వస్తోంది. 1:55కి కొత్త వెర్షన్ ఎక్కించాం. పాత వెర్షన్‌కు వెళ్లడానికి మీ అనుమతి కావాలి. 2:30కల్లా చెప్పండి, లేకపోతే ఆన్‌కాల్ మేనేజర్‌ను అడుగుతాం." ఇక్కడ భాషా పటిమ ఏమీ లేదు. అంకెలు, సమయం, కావలసిన పని ఉన్నాయి. అవి మన దగ్గర లేకపోతే ఏఐ టూల్‌తో ఇంగ్లిష్ ఎంత నునుపు చేయించినా మెసేజ్ పనికిరాదు.

చాట్ ఎక్కడ ఓడిపోతుందో గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకే ప్రశ్న వేరే మాటల్లో మూడోసారి వచ్చిందంటే, లేదా "యూజర్" అని ఒకరు లాగిన్ అయ్యే మనిషిని, ఇంకొకరు కంపెనీ అకౌంటును అనుకుంటున్నారని అనుమానం వచ్చిందంటే, అక్కడితో టైపింగ్ ఆపి పదిహేను నిమిషాల కాల్ పెట్టాలి. తేడా ఎక్కడుందో తెలియనప్పుడు మాటే మేలు. తేడా తెలిసి, జవాబు మాత్రం కావాలంటే రాతే మేలు.

వాయిస్ నోట్ ఈ రెండింటి లోపాలనూ కలిపి తెస్తుంది. వెతికితే దొరకదు, మధ్యలో ప్రశ్న అడగడానికీ వీలుండదు. దారిలో ఉండి టైప్ చేయలేనప్పుడు తప్ప వాడకపోవడమే మంచిది.

సర్వర్ పడిపోయినప్పుడు

ఇక్కడ రెండూ ఒకేసారి కావాలి. పనులు పంచుకోవడానికి కాల్, జరిగింది నిలవడానికి చాట్. ఒకరు సరిచేస్తారు, ఒకరు క్లయింటుకు, మేనేజర్లకు చెబుతారు, ఒకరు సమయంతో సహా రాస్తారు. సరిచేసేవాళ్లే అందరి ప్రశ్నలకూ జవాబిస్తూ కూర్చుంటే సర్వర్ లేవదు.

కాల్‌లో దెబ్బతినేది అంకెలు, అక్షరాలు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి "వన్ ఫైవ్, ఫిఫ్టీన్" అని విడగొట్టి చెప్పాలి. బీ, డీ, పీ, టీ కలిసిపోతాయి కాబట్టి సర్వర్ పేరులో అవి ఉంటే బ్రావో, డెల్టా, పాపా, టాంగో అనాలి. కమాండ్‌ను నోటితో చెప్పకూడదు, చాట్‌లో పేస్ట్ చేయాలి. అవతలివాళ్లు దాన్ని నడపబోయే ముందు ఏ సర్వర్ మీద నడుపుతున్నారో పైకి చెప్పాలి. విమాన పైలట్లు కంట్రోల్ టవర్ చెప్పినదాన్ని తిరిగి చదివి వినిపించేదీ ఇందుకే.

మన దగ్గర ప్రత్యేకంగా జరిగే పొరపాటు ఒకటుంది. "ఓకే, ఓకే" అని మనం "వింటున్నాం" అనే అర్థంలో అంటాం. క్లయింటు దాన్ని "ఒప్పుకున్నారు" అని రాసుకుంటాడు. శుక్రవారానికి అవుతుందా అని అడిగితే "విన్నాను, చూసి రేపు మీ ఉదయం పదికి చెబుతాను" అనడం మర్యాదకు లోటేమీ కాదు.

ముప్పై నిమిషాలకొకసారి అప్‌డేట్ ఇస్తామంటే కొత్త సంగతి లేకపోయినా ఇవ్వాలి. "కారణం ఇంకా తెలియలేదు, డేటాబేస్ కాదని తేలింది, తర్వాతి అప్‌డేట్ 4:30కి" అన్న లైను వచ్చిందంటే, కాల్‌లోకి దూరి "ఏమైంది" అని అడిగేవాళ్లు సగం తగ్గుతారు.

ఈమెయిలా, టికెట్టా?

పనికి టికెట్ (టీమంతా చూసే పనుల జాబితాలో ఒక ఎంట్రీ), బయటివాళ్లతో ఒప్పందాలకు, తేదీలకు ఈమెయిల్. ఈమెయిల్‌లో వచ్చిన బగ్ ఆ ఒక్క మనిషి ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది, ఆయన కంపెనీ మారితే ఆ ఇన్‌బాక్స్‌తో పాటే పోతుంది. టికెట్‌లో వెర్షన్, చేసిన స్టెప్పులు, రావాల్సింది, వచ్చింది ఉండాలి. లాగ్‌ను (సిస్టమ్ రాసుకునే రికార్డును) స్క్రీన్‌షాట్ తీసి పెట్టొద్దు. ఎర్రర్‌ను కాపీ చేసి వెతకాలంటే టెక్స్ట్ కావాలి.

స్లైడ్లా, డాక్యుమెంటా?

కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా అంతరిక్ష నౌక 2003 ఫిబ్రవరి 1న తిరిగివస్తూ ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు. జనవరి 16న పైకి లేస్తున్నప్పుడే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ (గట్టి నురగ) ముక్క ఎడమ రెక్కను కొట్టింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బ ఎంత ప్రమాదమో స్లైడ్లలో వివరించారు. ఒక స్లైడ్ శీర్షిక చదివితే పరీక్షల ఫలితాలు ధైర్యమిస్తున్నాయనే అనిపిస్తుంది. అసలు సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: పరీక్షించిన ముక్క 3 ఘనపుటంగుళాలు, నౌకను తాకినట్టు అంచనా వేసింది 1,920. అంటే 640 రెట్లు పెద్దది. ప్రమాదంపై వేసిన దర్యాప్తు బోర్డు, సాంకేతిక పత్రాల బదులు స్లైడ్లతో సరిపెట్టే అలవాటునే ప్రత్యేకంగా తప్పుపట్టింది.

అందుకే నిర్ణయం తీసుకోవాల్సిన డిజైన్‌కు డాక్యుమెంటే మేలు. బుల్లెట్లలో "కాబట్టి", "అయినప్పటికీ" రాలిపోతాయి, తర్కంలోని కన్నం కనపడదు. పూర్తి వాక్యంలో దాన్ని దాచడం కష్టం. అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లో పై స్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ ఆపించారు. ఆరు పేజీల పత్రాన్ని మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా చదివి, ఆ తర్వాతే మాట్లాడతారు. మామూలు టీముకు రెండు పేజీలు చాలు: సమస్య, పరిశీలించిన దారులు, ఎంచుకున్నది, దాని వల్ల నష్టం. ఆ నాలుగోది లేని డాక్యుమెంటును వెనక్కి పంపేయాలి. డెమోకు, కొత్తవాళ్లకు బొమ్మ చూపించడానికి స్లైడ్లు సరే.

ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చూసే కోడ్ రివ్యూలోనూ ఇలాగే. లైను మీద అభ్యంతరం లైను మీదే రాయాలి. డిజైనే తప్పనిపిస్తే నలభై కామెంట్లు గుమ్మరించకుండా ఫోన్ చేసి మాట్లాడి, తేలినది రెండు వాక్యాల్లో అక్కడ రాయాలి. మనిషి పనితీరు మీద మాట అయితే మాత్రం ఎప్పుడూ విడిగా, నోటితోనే.

ముందు ఏది నేర్చుకోవాలి?

రాతే. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు కాల్‌లో తడబడితే ఇంగ్లిష్ రాకే అనుకుంటారు. చాలాసార్లు చెప్పాల్సింది ముందే వరుసలో పెట్టుకోకపోవడమే కారణం. కాల్‌కు ముందు మూడు లైన్లు రాసుకోండి: ఏమైంది, ఏం చేశాం, ఏం కావాలి. మొత్తం ప్రసంగం రాసుకుని చదవొద్దు, మొదటి ప్రశ్నకే అది తెగిపోతుంది.

ఇంటర్వ్యూకు మాత్రం రాత ఒక్కటే చాలదు. మీరు సరిచేసిన ఒక బగ్‌ను, ఆ ప్రాజెక్టు తెలియని మనిషికి చెప్పినట్టు రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి వినండి. చాలామంది జరిగిన వరుసలోనే మొదలుపెడతారు, ఫలితం వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. మొదటి వాక్యంలోనే ఫలితం చెప్పి, ఆ తర్వాత కారణం చెప్పండి.

టీములో అందరూ తెలుగువాళ్లయితే చర్చ తెలుగులోనే చేసుకోండి, ఆలోచన వేగంగా సాగుతుంది. పుణె నుంచో చెన్నై నుంచో ఒక్కరు చేరినా అందరికీ వచ్చిన భాషకు మారాలి. చర్చ ఏ భాషలో సాగినా, కాల్ ముగిసిన అరగంటలోపు నిర్ణయం, చేయాల్సిన మనిషి పేరు, తేదీ టికెట్‌లోకి ఎక్కాలి. తేదీని 04/03 అని రాస్తే మనకు మార్చి 4, అమెరికాలో ఏప్రిల్ 3. నెల పేరు అక్షరాల్లో రాయండి. "ఈఓడీ" (ఎండ్ ఆఫ్ డే, రోజు ముగిసేలోపు) అని వదిలేయకుండా గంట, టైమ్ జోన్ రెండూ పెట్టండి: "మార్చి 4, సాయంత్రం 6, ఐఎస్‌టీ".