ఉత్తరపు కిటికీకి ఎదురుగా వెండి పొర: పది నెలల వాడకం

అమలాపురంలో మా ఇంటి ముందుగదికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ ఉత్తరం వైపు. దానికి రెండు గజాల దూరంలో పక్కింటివారి గోడ ఉంటుంది. కడియపులంక నర్సరీలో నవనవలాడుతుంటే ముచ్చటపడి తెచ్చుకున్న ఆంథూరియం, పీస్ లిల్లీ, పసుపు చారల మనీప్లాంట్ ఈ గదిలో చేరిన నెలకే కిటికీ వైపు మెడలు చాచాయి. వెలుగు ఒకవైపు నుంచే వస్తే ఆక్సిన్ అనే పదార్థం కాండంలో నీడవైపు చేరి అక్కడి కణాలను సాగదీస్తుంది కాబట్టి మొక్క వంగక తప్పదు. పగలంతా విద్యుద్దీపం వెలిగించడం ఇష్టం లేక, వెలుగును తిప్పికొట్టే వెండిరంగు పొరను కిందటి దసరాకు ఆన్‌లైన్‌లో తెప్పించాను. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న చుట్ట రూ.480 పడింది.

ఇది పలుచని పాలిస్టర్ పొర మీద అల్యూమినియం పూత పూసిన సరుకు. మొదట దీనిని కిటికీ పక్క గోడకు అంటించి పొరపాటు చేశాను. వెలుగు పడని చోట పొర తిప్పి పంపేదేమీ ఉండదు. తరువాత ప్లైవుడ్ చెక్కకు బిగించి, కిటికీకి ఎదురుగా, కుండీల వెనుక జానెడు దూరంలో నిలబెట్టాను. తేడా అప్పుడు తెలిసింది. అంతవరకు నల్లగా కనిపించిన ఆకుల వెనుకభాగంలో ఈనెలు స్పష్టంగా కనిపించసాగాయి. వారానికొకసారి కుండీ తిప్పే పని మూడు వారాలకొకసారికి తగ్గింది. మనీప్లాంట్‌కు అంతకుముందు వచ్చిన నాలుగైదు ఆకులు ఒట్టి పచ్చగా ఉండగా, ఆ తరువాత విచ్చిన రెండో ఆకులో పసుపు చార మళ్లీ తొడిమ దాకా వచ్చింది. ఆంథూరియం మాత్రం ఇంతవరకు పూయలేదు. లేని వెలుగును ఏ పొరా పుట్టించలేదు గదా!

వస్తువు మంచిదే కాని దాని జిగురు మన గాలికి పనికిరాదు. ఆషాఢంలో ముసురు పట్టిన నాలుగో రోజుకే, గోడకు వదిలేసిన ముక్క అంచులు ముడుచుకొని ఊడి వచ్చాయి, వెనుక అరచేతి మేర నల్లని బూజు పట్టి ఉంది. కాబట్టి గోడకు అంటించకుండా, వెనుక గాలి ఆడేలా చెక్కకు క్లిప్పులతో బిగించుకోవడమే మేలు. అల్యూమినియం పూతలో కరెంటు పారే అవకాశం ఉంది కనుక స్విచ్‌బోర్డు దరిదాపులకు రానీయకూడదు. అగరుబత్తి పొగ, వంటింటి జిడ్డు చేరితే మెరుపు తగ్గుతుంది. మెత్తని తడిగుడ్డతో ఒత్తకుండా తుడవాలి, గరుకు గుడ్డ వాడితే గీతలు పడతాయి. సాయంత్రం పడక్కుర్చీలో కూర్చుంటే కళ్లలోకి కొట్టే తళుకును మా ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు.

ఇంతా చేసి, పీస్ లిల్లీ వెనుక పొర తీసి రెండు నెలలు తెల్లని థర్మాకోల్ అట్ట పెట్టి చూస్తే, నా కంటికి పెద్ద తేడా కనపడలేదు. పొర అద్దంలా వెలుగును ఒక దిక్కుకు పంపితే, మెరుపులేని తెలుపు దానిని నలువైపులా చల్లుతుంది. దగ్గరగా పెట్టే మొక్కకు రెండోదీ చాలు. ఇల్లు చిన్నదై, చోటు కలిసిరానివారు పొర కొనుక్కోవచ్చు. మిగిలినవారికి ఈ ఖర్చు అక్కరలేదు.

నిజానికి ఈ పది నెలల్లో గది బాగా వెలిగింది పుష్యమాసంలో. అప్పుడు సూర్యుడు దక్షిణాన ఉంటాడు గనుక ఎండ మా కప్పు మీదుగా వెళ్లి పక్కింటి గోడ పైభాగాన పడుతుంది, ఆ గోడకు వారు సంక్రాంతికి కొత్తగా సున్నం వేయించారు. ఇప్పుడు వానలకు నాచు పట్టి అది నల్లబడింది. వచ్చే సంక్రాంతికి ఆ వైపు సున్నం ఖర్చు నాదేనని పక్కింటి బాబాయిగారితో ముందే చెప్పి ఉంచాను.